ఏడాది తిరగకుండా కొండ ఎక్కవచ్చునా?

ఎక్కవచ్చును.

ప్రశ్నకు సమాధానం ముందే చెప్పివేశాను కనుక తొందరలో ఉన్న మిత్రులు ఇక్కడితో ఆగిపోవచ్చు. కారణాలు కావలసినవారు మాత్రం కొంచెం ఓపిక పట్టండి. ఈ చోట నేను సాధారణంగా ఛందస్సు గురించో, పాత తెలుగు వాచకాల గురించో, మా ఉత్తరాంధ్ర పలుకుబడుల గురించో వ్రాసుకొంటూ ఉంటాను. ఇవాళ్టి టపా ఆ కోవలోది కాదు. ఇందులో కోపం ఉంది. ముప్ఫయి మూడేళ్ళు తరగతి గదిలో కోపాన్ని అదుపులో పెట్టుకొన్నదాన్ని గనుక అది మాటల మర్యాద దాటదని హామీ ఇస్తున్నాను.

విషయమిది. మావారు గత వైశాఖంలో కాలం చేశారు. నాలుగు నెలల తరువాత, సెప్టెంబరులో, పుణెలో ఉంటున్న మా అమ్మాయితో కలిసి మహారాష్ట్రలోని సాతారా పట్టణానికి వెళ్ళాను. అక్కడ 2012 నుంచి కొండదారి మీద ఒక హాఫ్ మారథాన్ జరుగుతున్నది. మా అమ్మాయి అందులో పరుగెత్తింది. నేను దాని వెంట ఉన్నాను. మూడో రోజున తిరిగి పుణె చేరుకొన్నాం. జరిగినదంతా ఇంతే. అయితే నేను అనకాపల్లిలో రైలు దిగేసరికి మా బంధువర్గంలో ఇది పెద్ద విచారణాంశమై కూర్చున్నది. నా ముఖాన కొందరూ, నా వెనుక చాలామందీ అన్న మాటలను ఏరి కూర్చితే నాలుగు ఆక్షేపణలు తేలాయి. ఏడాది తిరగకుండా కొండ ఎక్కడమేమిటి? పరుగెత్తడానికి అంత దూరం పోవడమేమిటి? పెళ్ళయి పిల్లవాడున్న కూతురి వెంట తల్లి తిరగడమేమిటి? అసలు ఈమెకు దుఃఖమనేది ఉన్నదా?

మా పండిత చదువులో పూర్వపక్షమనేది ఒకటుండేది. ఎదుటివారి వాదాన్ని వారికంటె బాగా చెప్పి, ఆ తరువాతనే దాన్ని ఖండించాలి. ఆ పద్ధతినే పాటిస్తాను.

మొదటిది ఆచారం. ఇంట్లో మరణం జరిగితే ఏడాదిదాకా కొండ ఎక్కకూడదని మన వైపు గట్టి పట్టింపు. దాని వెనుకనున్న భావాన్ని నేను చిన్నచూపు చూడను. ఏటిసూతకంలో ఉన్నవారు మొక్కులూ, కల్యాణాలూ, ఉత్సవాలూ పెట్టుకోరు. పోయిన మనిషికి మనం ఇచ్చే గౌరవంలో అదొక భాగం. నేనూ పెట్టుకోలేదు. కాని ఆ వాక్యంలో 'కొండ' అన్న మాటకు అర్థమేమిటో కాస్త చూడండి. మా ప్రాంతంలో 'కొండకు వెళ్ళివచ్చాం' అంటే సింహాచలం వెళ్ళివచ్చామని. దక్షిణానికి పోతే తిరుమల. అక్కడ కొండ జాతివాచకం కాదు, సంజ్ఞావాచకం. ఆరో తరగతి పిల్లలకు నేను ఏటేటా చెప్పిన పాఠమే ఇది. దేవుని కొండకు వర్తించే నియమాన్ని రాయీ మట్టీ పోగుపడిన ప్రతి మిట్టకూ తగిలిస్తే పాడేరులో, అరకులో, చింతపల్లిలో కాపురాలున్నవారి గతేమిటి? ఇంట్లో చావు జరగగానే వారంతా నర్సీపట్నం దిగివచ్చి ఏడాదిపాటు అద్దె ఇళ్ళలో ఉంటారా?

సాతారాలో నేను ఎక్కిన కొండ గురించి కూడా చెప్పాలి. పరుగు ఆదివారం తెల్లవారి. శనివారం మధ్యాహ్నం, దారి చూపిస్తానని అమ్మాయి నన్ను ఆటోలో ఘాట్ రోడ్డు మీదికి తీసికొని వెళ్ళింది. ఊరు దాటగానే మెలికలు మొదలవుతాయి. పైన యవతేశ్వర్ అనే పల్లె ఉన్నది. అక్కడ శివాలయముంది. మేము గుడిలోకి వెళ్ళలేదు. నేను వద్దన్నాను, అమ్మాయి ఎందుకని అడగలేదు. దారి పక్కన నిలబడి, కింద మబ్బుల సందుల్లో ఊరినీ, ఎదురుగా అజింక్యతారా కోటనూ చూశాం. ఆచారం ఎక్కడిదాకా ఉన్నదో, ఎక్కడినుంచి లేదో నాకు తెలుసు. దాన్ని నేను తెలిసే పాటించాను. పాటించని చోట కూడా తెలిసే పాటించలేదు.

ఇక ఈ నియమాన్ని అందరికీ సమంగా అమలుచేస్తే నేనింత వ్రాసేదాన్ని కాను. మా బంధువులలోనే ఒకరింట్లో తండ్రి పోయిన ఆరు నెలలకు కొడుకు ఆఫీసువారితో కలిసి ఊటీ వెళ్ళివచ్చాడు. నీలగిరి పేరులోనే గిరి ఉన్నది గదా! ఎవరూ నోరెత్తలేదు. ఎత్తకపోవడమే మంచిది, ఆ పిల్లవాడికి నాలుగు రోజులు గాలి మారడం అవసరమే. అదే గాలి నాకెందుకు పనికిరాదన్నదే నా ప్రశ్న. మరొకటి కూడా ఉన్నది. ఈ నాలుగు నెలలలో మరణ ధ్రువపత్రానికీ, బ్యాంకు ఖాతాకూ, కుటుంబ పింఛను కాగితాలకూ నేను ఎన్ని గడపలు తొక్కానో లెక్కలేదు. జిల్లా కేంద్రానికి ఒంటరిగా బస్సులో వెళ్ళి, మూడో అంతస్తుదాకా మెట్లెక్కి, సంతకాలు పెట్టి, చీకటి పడ్డాక ఇల్లు చేరాను. 'అయ్యో, ఏడాది తిరగలేదే, ఎలా వెళతావు?' అని ఒక్కరూ అడ్డుపడలేదు. తోడు వస్తామన్నవారు కూడా తక్కువే. సంతకాలకోసం గడప దాటవచ్చు గాని, కూతురికోసం దాటకూడదా?

దీపం ఆరిపోయిందనడానికి నోరు రాక మనం 'కొండెక్కింది' అంటాం. ఎంత సున్నితమైన మాటో! ఈ మాటను పిల్లలకు చెప్పినప్పుడల్లా మన భాష మీద నాకు గౌరవం పెరిగేది. మా ఇంటి దీపం వైశాఖంలోనే కొండెక్కింది. ఆ తరువాత నేను ఎక్కే కొండలను లెక్కపెట్టడానికి ఇంతమంది కావాలా?

రెండవ ఆక్షేపణ దూరానిది. 'పరుగెత్తాలంటే ఊళ్ళో రోడ్లు లేవా? డబ్బు కట్టి, రైలెక్కి, హోటలులో దిగి, పొరుగు రాష్ట్రంలో పరుగెత్తాలా?' ఇది వినడానికి గట్టి ప్రశ్నలాగే ఉంటుంది. దీనికి జవాబు నేను చెప్పనక్కరలేదు, సింహాచలం చెబుతుంది. ఆషాఢ పౌర్ణమికి ముందురోజున జరిగే గిరిప్రదక్షిణ సంగతి విశాఖవారెవరికీ కొత్తగాదు. తొలి పావంచా దగ్గర బయలుదేరి, అడివివరం మీదుగా హనుమంతవాక, అప్పూఘర్, ఎన్.ఏ.డి. కూడలి, గోపాలపట్నం చుట్టి మళ్ళీ అక్కడికే చేరాలి. సుమారు 32 కిలోమీటర్లు. వట్టికాళ్ళతో నడిచేవారు ఎందరో. శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి కూడా వస్తారు. 'నడవాలంటే మీ ఊళ్ళో రోడ్లు లేవా?' అని వారిని ఎవరైనా అడుగుతారా? ఈమధ్య మన తెలుగువారు వేలకొద్దీ తమిళనాడులోని అరుణాచలానికి పోయి 14 కిలోమీటర్ల ప్రదక్షిణ చేసి వస్తున్నారు. నన్ను ఆక్షేపించినవారిలోనే ఇద్దరు అందులో ఉన్నారు. వారికి నేను నమస్కరిస్తాను. కాని ఊరు వదిలిపోయి కష్టపడి నడవడంలో ఏదో ఉన్నదని వారి కాళ్ళకు తెలుసు. ఆ తెలిసినదాన్నే వారి నోళ్ళు ఒప్పుకోవడం లేదు.

అది తీర్థం, ఇది వినోదం, రెండింటికీ పోలికేమిటంటారేమో. దైవభక్తికీ వ్యాయామానికీ ముడిపెట్టడం నా ఉద్దేశం కాదు. చోటు మారితే కష్టం తీరు మారుతుందని మాత్రమే అంటున్నాను. హాఫ్ మారథాన్ అంటే 21 కిలోమీటర్ల 97 మీటర్ల చిల్లర. పూర్తి మారథాన్ 42.195 కిలోమీటర్లు. ఆ కొలత 1908 లండన్ ఒలింపిక్స్‌లో పుట్టింది, 1921లో స్థిరపడింది. దూరం ఎక్కడైనా అంతే. కాని మా విశాఖ బీచి రోడ్డు మీద పరుగెత్తే 21 కిలోమీటర్లూ, సాతారా ఘాట్ మీది 21 కిలోమీటర్లూ ఒకటి కావు. ఇక్కడ మొదటి సగం ఎక్కుడు, రెండవ సగం దిగుడు. ఎక్కేటప్పుడు ఊపిరికి పరీక్ష, దిగేటప్పుడు మోకాళ్ళకు పరీక్ష. పైకి వెళ్ళే దారి కాస్ పీఠభూమి వైపు పోతుంది. 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన పడమటి కనుమలలో అదొక భాగం. వానలు వెనుకబట్టే ఆ రోజులలో అక్కడ రాతినేల మీద పూలు పరుచుకొంటాయి. వాన, మంచు, ఎక్కుడు, పూలు కలిసిన దారిని మన ఊరికి తెచ్చుకోలేం. మనమే పోవాలి.

ఇక మూడవది. 'కూతురి వెంట తల్లి ఎందుకు?' దీని దగ్గర నేను కొంచెంసేపు ఆగవలసి ఉన్నది.

మా అమ్మాయి ముప్ఫయి రెండో ఏట పరుగు మొదలుపెట్టింది. ఇప్పుడు దానికి ముప్ఫయి ఎనిమిది. ఈ ఆరేళ్ళలో అది పాల్గొన్న ప్రతి పెద్ద పరుగుకూ మావారు వెళ్ళారు. ఆగస్టులో హైదరాబాదు మారథాన్ జరిగితే నెక్లెస్ రోడ్డు దగ్గర దాన్ని సాగనంపి, గచ్చిబౌలి స్టేడియం దగ్గరకు ముందే చేరి నిలబడేవారు. విశాఖలో నేవీ మారథాన్ జరిగితే తెల్లవారుజామున మూడింటికే మమ్మల్ని లేపేవారు. ఒక సంచీ ఉండేది. అందులో పొడి తువ్వాలు, మార్చుకోవడానికి బట్టలు, వదులు చెప్పులు, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు, రెండు అరటిపళ్ళు, నాలుగు నువ్వుండలు. ఒక పాత డైరీ. అందులో ఏ పరుగు, ఎన్ని గంటలకు బయలుదేరింది, ఎన్ని గంటలకు వచ్చింది, ముందురోజు రాత్రి ఏమి తిన్నది, కాలి వేలికి బొబ్బ వచ్చిందా రాలేదా, అన్నీ వ్రాసేవారు. ఉద్యోగంలో లెక్కలు వ్రాసిన చెయ్యి కదా! అప్పుడు మా బంధువులు ఏమన్నారో నాకు బాగా గుర్తున్నది. 'ఎంత మంచి తండ్రి! ఈ కాలంలో ఏ తండ్రి ఇలా వెంట ఉంటాడు?' అన్నారు. నిజమే. నేనూ అదే అంటాను.

సాతారా పరుగుకు పేరు నమోదు చేసినది ఆయన బ్రతికి ఉండగానే. హోటలు గది ఇద్దరి పేరిట తీసుకొన్నారు. ఆయన పోయారు. గది ఉన్నది, పరుగు ఉన్నది, సంచీ ఉన్నది. సంచీ పట్టే మనిషి లేరు. నేను పట్టాను. అదే సంచీ, అదే నీళ్ళు, అదే డైరీ. ఆయన పట్టినప్పుడు ఆదర్శమైనది నేను పట్టేసరికి తిరుగుడు ఎలా అయింది?

వెంట ఉండేవారు ఏమి చేస్తారో తెలియనివారికోసం చెబుతాను. రెండున్నర గంటలు కొండదారిలో తడిసి వచ్చిన మనిషి ఆగగానే ఒళ్ళు చల్లబడుతుంది. ఒక్కసారిగా వణుకు వస్తుంది. ఆ సమయంలో తడిచొక్కా మార్పించడం, భుజాలమీద తువ్వాలు కప్పడం, కూలబడకుండా నాలుగడుగులు నడిపించడం, నీళ్ళు ఒక్కసారిగా గుటగుట తాగనివ్వకుండా కొంచెం కొంచెంగా పట్టించడం, బూట్ల ముడులు విప్పడం. మోకాలు వంగని మనిషికి తన బూటు తాను విప్పుకోవడం కుదరదు. నేను విప్పాను. దాని ఒకటో తరగతిలో కట్టిన ముడులవి, ముప్ఫయి ఏళ్ళ తరువాత విప్పాను. పరుగు ముగిసే చోట నాలాంటివారు చాలామంది ఉన్నారు. ఒక మరాఠీ పెద్దాయన కొడుకుకోసం, నౌవారీ చీర కట్టిన ఒకావిడ కోడలికోసం చూస్తున్నారు. ఆవిడకు తెలుగు రాదు, నాకు మరాఠీ రాదు. తన ఫ్లాస్కులోని టీ ఇచ్చింది. నేను నువ్వుండ ఇచ్చాను. నా నుదుటి వంక ఒకసారి చూసింది, మరేమీ అడగలేదు. ఊరి జనం దారికి రెండు ప్రక్కలా నిలబడి, పిల్లలు డప్పులు వాయిస్తూ, ఎవరి బిడ్డలో తెలియని వేలమందిని తమ బిడ్డలలాగా కేకలు వేసి ఉత్సాహపరిచారు. అక్కడ నేను ఎవరికీ అశుభాన్ని కాలేదు.

తల్లీబిడ్డలు పరుగుకోసం కలిసి ప్రయాణించడం వింత అనుకొనేవారు మాన్ కౌర్ గారి సంగతి వినాలి. పంజాబుకు చెందిన ఆమె 93వ ఏట కొడుకు గురుదేవ్ సింగ్ ప్రోత్సాహంతో పరుగు మొదలుపెట్టారు. ఆ కొడుకే ఆమెకు శిక్షకుడు, ఆయనా వయసు మళ్ళినవాడే. తల్లిని తీసికొని దేశదేశాలు తిరిగాడు. 2017లో న్యూజీలాండు ఆక్లండు నగరంలో, 101వ ఏట, ఆమె వంద మీటర్లు 74 సెకన్లలో పరుగెత్తారు. 2021లో 105వ ఏట పోయారు. 'ఈ వయసులో తల్లిని త్రిప్పుతున్నాడేమిటి?' అని ఆ కొడుకును ఆపి ఉంటే, ఒక ముసలమ్మ గుమ్మంలో కూర్చుని ఉండేది. అంతకుమించి ఏమి దక్కేది?

నాలుగవ ఆక్షేపణ అన్నింటికంటె లోతుగా దిగింది. 'ఈమెకు దుఃఖం లేదు.' దీనికి నా లోపలి సంగతులు విప్పిచూపి సాక్ష్యం చెప్పుకోను. అది నా ఇంటి విషయం. బదులుగా మరొక మనిషిని చూపిస్తాను. ఫౌజా సింగ్ గారు తెలియనివారుండరు. పాస్‌పోర్టు ప్రకారం 1911లో పుట్టారు. 1992లో భార్య పోయింది. 1994లో కొడుకు కళ్ళ ముందే ప్రమాదంలో పోయాడు. ఆ దుఃఖాన్ని తట్టుకోవడానికే ఆయన పరుగును పట్టుకొన్నారు. 89వ ఏట, 2000లో, లండన్ మారథాన్‌లో మొదటిసారి పాల్గొన్నారు. 2011లో, నూరేళ్ళ వయసులో, టొరంటోలో పూర్తి మారథాన్ ముగించారు. 2025 జులైలో సొంత ఊరి దగ్గర రోడ్డు ప్రమాదంలో పోయినప్పుడు దేశమంతా ఆయనను తలచుకొన్నది. మా బంధువులు కూడా ఆ వార్తను ఒకరికొకరు పంపుకొన్నారు, నాకూ పంపారు. భార్య పోయిన పురుషుడు పరుగెత్తితే దుఃఖాన్ని జయించిన ధీరుడు. భర్త పోయిన స్త్రీ పరుగు చూడడానికి వెళితే దుఃఖం లేని మనిషి. ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి, ఒకే మనసుతో రెండింటినీ ఎలా ఒప్పుకొంటున్నారో ఎవరైనా నాకు అన్వయం చెప్పగలరా?

మన ఆచారం ప్రకారమే పెళ్ళయిన కూతురికి తండ్రి మైల మూడు రోజులు. కనుక దానిని ఏ నియమమూ ఆపదు. ఆపవలసినది నన్నే అన్నమాట. తండ్రి పోతే కూతురికి మూడు రోజుల దుఃఖం చాలునని ఒక లెక్క కట్టి, తల్లికి మాత్రం అంతులేని లెక్క కట్టారు. మా అమ్మాయి మూడు రోజులలో ముగించలేదు. ఆ వేసవి అంతా తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి పుణె వీధులలో ఒంటరిగా పరుగెత్తింది. ఎంత దూరం, ఎంత సేపు అన్నది తండ్రికి చెప్పే అలవాటు. ఆయన లేకపోయాక రోజూ నాకు ఫోను చేసి చెప్పేది. నాకు ఆ అంకెలు అర్థమయ్యేవి కావు. అయినా డైరీలో వ్రాసేదాన్ని.

ఇప్పుడు ఈ టపా వ్రాయడానికి అసలు కారణం చెబుతాను. నాతో వాదిస్తే నేనూ వాదిస్తాను. నాకది కొత్తకాదు. కాని పరుగుకు ముందు రాత్రి ఎనిమిదిన్నరకు, మర్నాటికి సర్దుకొంటూ ఉండగా, మా దగ్గరి బంధువొకరు నాకు కాదు, మా అమ్మాయికి ఫోను చేశారు. 'తండ్రి పోయి నాలుగు నెలలు కాలేదు. తల్లిని కొండలమీదికి ఈడ్చుకుపోయావు. రేపు ఆమెకేమైనా అయితే ఎవరిది పూచీ? నీ సరదాకు ఆమెను బలి చేస్తావా?' ఇవీ మాటలు. అది ఫోను పెట్టేసి, అంకె గుడ్డను చొక్కాకు పిన్నులతో గుచ్చుతున్నదల్లా ఆపి, 'అమ్మా, రేపు నేను పరుగెత్తను, పొద్దున్నే పుణె వెళ్ళిపోదాం' అన్నది. ఆరు నెలల సాధన. తండ్రి కట్టిన రుసుము. ఒక్క ఫోనుతో దాని కాళ్ళు విరగ్గొట్టారు.

1967లో బోస్టన్ మారథాన్‌లో క్యాథరిన్ స్విట్జర్ అనే యువతి 261 అంకెతో పరుగెత్తుతూ ఉంటే, నిర్వాహకుడొకడు దారిలోకి దూకి, ఆమె చొక్కాకున్న అంకెను పీకివేయబోయాడు. ఆడవారు అంత దూరం పరుగెత్తకూడదని అప్పటి నమ్మకం. ఆమె ఆగలేదు. ఆ పరుగులో స్త్రీలకు అధికారికంగా చోటు దొరకడానికి 1972 దాకా పట్టింది, ఒలింపిక్స్‌లో స్త్రీల మారథాన్‌కు 1984 దాకా పట్టింది. ఆ రాత్రి మా గదిలోకి వచ్చిన ఫోను కూడా అటువంటి చెయ్యే. తేడా ఏమిటంటే, అక్కడ చెయ్యి పట్టుకొన్నవాడు పరాయివాడు. ఇక్కడ చిన్నప్పుడు ఎత్తుకొని ఆడించినవారు.

మిగిలిన పిన్నులు నేను గుచ్చాను. అది పరుగెత్తింది.

ఇవన్నీ పాత సంగతులని, ఈ కాలంలో ఎవరు పట్టించుకొంటారని మిత్రులలో చిన్నవారు అనవచ్చు. కందుకూరి వీరేశలింగం గారు రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించినది 1881 డిసెంబరు 11న. నేను వెళ్ళిన సాతారా జిల్లాలోనే నాయగావ్‌లో 1831లో సావిత్రీబాయి ఫూలే పుట్టారు. ఆమే, జోతీరావు ఫూలే కలిసి భర్తలు పోయిన స్త్రీలకోసం చేసిన పని అందరికీ తెలిసినదే. ఇన్నేళ్ళ తరువాత, 2022 మే నెలలో, కొల్హాపూర్ జిల్లాలో హెర్వాడ్ అనే పల్లె గ్రామసభ పెట్టి, భర్త పోయిన స్త్రీ గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం వంటివి ఇకమీద మా ఊళ్ళో ఉండకూడదని తీర్మానించింది. ఆ నెలలోనే మహారాష్ట్ర ప్రభుత్వం తక్కిన పంచాయతీలను కూడా ఆ దారిన నడవమని సూచించింది. 2022లో కూడా తీర్మానం అవసరమైనదంటే, పాత సంగతులు పాతబడలేదన్నమాటే. ఇప్పుడు ఎవరూ గాజులు పగలగొట్టమని బలవంతం చేయరు. మంచిమాటలాగా ఫోను చేస్తారు. 'నీ మంచికే' అంటారు. నా మంచి నాతో చెప్పకుండా నా కూతురితో చెబుతారు.

ఇంతవరకూ పెద్దవారిని అన్నాను గనుక పిల్లలను కూడా ఒక మాట అనాలి. అమ్మనో నాన్ననో వెంటబెట్టుకొని పరుగులకు పోయే కుర్రవారు ఇప్పుడు చాలామంది కనబడుతున్నారు. సంతోషమే. కాని కొందరు వారిని హోటలు గదిలో టీవీ ముందు కూర్చోబెట్టి, పతకం మెడలో పడ్డాక వచ్చి పక్కన నిలబెట్టుకొని ఫోటో తీయించుకొంటారు. మరికొందరు చీకటిలో, చలిలో, కుర్చీ లేని చోట, ఎప్పుడు వస్తారో చెప్పకుండా వదిలిపోతారు. సామానుకూ వారికీ తేడా ఉండదు. మీరు రమ్మన్నది ప్రేమతోనేనని నాకు తెలుసు. అయితే వచ్చినవారికి ఒక పని ఇవ్వండి. దారి ముందుగా చూపించండి. ఎన్ని గంటలకు ఏ మలుపు దగ్గర కనబడతారో చెప్పండి. కూర్చునే చోటూ, మరుగుదొడ్డీ ఎక్కడున్నాయో ముందే చూసి ఉంచండి. వారి మందులు వేళకు వేసుకొన్నారా అని అడగండి. నడవగలవారైతే వారి కొలతకు తగిన చిన్న నడక ఎక్కడైనా ఉంటే వారి పేరుకూడా వ్రాయించండి. వెంట తీసికొనిపోవడం అంటే పక్కన ఉంచుకోవడం, వెనుక మోసుకుపోవడం కాదు.

నా మాటలలో తప్పుంటే వాదించండి, వ్యాఖ్యల పెట్టె తెరిచే ఉన్నది. ఏ శాస్త్రంలో భర్త పోయిన స్త్రీ కూతురి బూటు ముడి విప్పకూడదని ఉన్నదో చూపిస్తే చదువుతాను, చదివి జవాబు వ్రాస్తాను. కాని మీ ఇళ్ళలో ఇటువంటి తల్లి ఒకరున్నప్పుడు, ఆమె బిడ్డ ఎక్కడికో రమ్మన్నప్పుడు, మీ చేతిలో ఫోను ఉన్నప్పుడు, దయచేసి చేయకండి. చేయక తప్పదనుకొంటే ఆమెకే చేయండి. 'సంచీ సర్దుకొన్నావా, చలికి శాలువా పెట్టుకొన్నావా, డబ్బులున్నాయా?' అని మాత్రం అడగండి.